అడగక్కర్లేని దారి

మాస్టారు పోయారన్న కబురు నాకు తెచ్చినవాడు కూడా దారి అడగడానికి వచ్చినవాడే. మొన్న మంచు బాగా కురిసిన పొద్దున్న, ఏలూరు పవర్‌పేటలో నా బోర్డుల షాపు తలుపులు తీసి, ఒక చర్చి వార్షికోత్సవం బోర్డు మీద అక్షరాలు దిద్దుతున్నాను. ఎదురింటి గోడ కూడా కనిపించడం లేదు. ఆ మంచులోంచి చేతిసంచీతో ఒకతను వచ్చి, "ఏవండీ, తాడేపల్లిగూడెం బస్సులు ఇప్పుడు ఎక్కడ ఆగుతున్నాయండీ?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా తనే, "మా లెక్చరర్ గారు పోయారండి. జాగ్రఫీ చెప్పేవారు. కొంచెం నత్తి ఉండేదిలెండి ఆయనకి" అన్నాడు.

నా నోట్లో కుంచె ఉంది. తియ్యలేదు. చేత్తో అటు చూపించాను, అతను దణ్ణం పెట్టి మంచులోకి వెళ్ళిపోయాడు. తర్వాత నేనూ షాపు మూసి గూడెం వెళ్ళాను. అక్కడి సంగతులు రాయను. చావింట్లో మనిషి ఎలా ఉన్నాడో రాస్తే ఆ మనిషి గుర్తుకు రాడు, చావే గుర్తుకొస్తుంది. నాకు మాస్టారు కావాలి.

ఆయన మొదటిసారి నా షాపుకి వచ్చిన రోజు నేను ఆయన్ని అనుమానించాను. రోడ్డుకి అవతల, కిళ్ళీకొట్టు పక్కన, తెల్లచొక్కా వేసుకుని చంకలో గొడుగు పెట్టుకుని ఒక పెద్దమనిషి చాలాసేపు నిలబడ్డాడు. నా షాపు ముందు ఆనించిన బోర్డులన్నీ చదువుతున్నాడు. రెండడుగులు ముందుకొస్తాడు, మళ్ళీ వెనక్కెళతాడు. నాకసలే ఓర్పు తక్కువ. "ఏవండోయ్, ఏదైనా కావాలా, లేకపోతే మా షాపుకి కాపలా కాస్తున్నారా?" అని ఒక కేక వేసి మళ్ళీ పనిలో పడ్డాను. ఆయన నవ్వుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

ఇక్కడో మాట చెప్పాలి. మాస్టారి మాటలు నేను తిన్నగానే రాస్తాను. ఏ అక్షరం దగ్గర ఆగారో, ఎంతసేపు ఆగారో రాయను. అలా రాస్తే చదివేవాళ్ళు నవ్వుతారు. నవ్వకపోతే జాలిపడతారు, ఆయనకి ఆ రెండోదే ఎక్కువ చిరాకు. ఆయన ఫలానా మాట అన్నారని నేను రాసినప్పుడల్లా, ఆ మాట మధ్యలో ఒక లారీ వెళ్ళిందనో, ఒక వాన చినుకుగా మొదలై జోరందుకుందనో మీరే వేసుకోండి.

ఆవేళ ఆయన అన్నది ఇది. "గూడెం వైపు యూనివర్సిటీ క్యాంపస్ కట్టారండి. గేటు దగ్గర్నుంచి ఏ గదికి వెళ్ళాలన్నా దారి చూపించే బోర్డులు కావాలండి. కళ్ళు కనపడనివాళ్ళకి, చదువు రానివాళ్ళకి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి, అందరికీ పనికిరావాలి. ఎవరూ పుచ్చుకోకపోతే ఆ పని నా నెత్తిన పెట్టారు."

ఇంతే. ఇది పూర్తయ్యేసరికి నేను బోర్డు మీద ఒక వరస మొత్తం రాసేశాను. మధ్యలో ఒక్క ముక్క అనలేదు. మర్యాద అనుకునేరు, కాదు. బోర్డులు రాసేవాళ్ళం సన్నకుంచె చేత్తో పట్టుకుంటే వెడల్పు కుంచె పళ్ళ మధ్య పెట్టుకుంటాం. నోరు తెరిస్తే కుంచె ఒళ్ళో పడుతుంది, చీర పాడవుతుంది. చాన్నాళ్ళ తర్వాత ఆయన చెప్పారు, ఏలూరు మొత్తంమీద తన వాక్యం చివరిదాకా తానే చెప్పుకున్న మొదటి షాపు నాదేనట.

మా వైపు జనం అలాంటివాళ్ళు మరి. చెడ్డవాళ్ళు కారు, మరీ మంచివాళ్ళు. ఎదుటివాడు మాట కోసం తడుముకుంటుంటే చూడలేరు. పడబోయే మనిషిని పట్టుకున్నట్టు ఆ వాక్యాన్ని వీళ్ళే అందుకుని పూర్తి చేసేస్తారు. "పెళ్ళికి కదండీ, అర్థమైందండీ!" "అయ్యో, మందుల కోసమేగా, రండి రండి!" పూర్తి చేసి, ఎంత సాయం చేశామో అని తృప్తిగా నవ్వుతారు. మాస్టారు కూడా నవ్వి తలూపేవారు. కాదని చెప్పాలంటే మళ్ళీ మొదటినుంచి రావాలి కదా! అలా తలూపి తలూపి తనకి అక్కర్లేనివి ఎన్ని ఇంటికి మోసుకెళ్ళారో దేవుడికే తెలియాలి. ఒకసారి గొడుగు బాగుచేయించుకోవడానికి వెళ్ళి కొత్త గొడుగుతో తిరిగొచ్చారు. పాతది బాగుపడనే లేదు.

దారి సంగతీ అంతే. మా వైపు దారి అడిగితే చేత్తో చూపించి ఊరుకోరు. "రండి, నేనూ అటే వెళుతున్నాను" అని వెంట వస్తారు, అటు పని లేకపోయినా సరే. నోరున్నవాడికి ఇంత సుఖమైన చోటు ఇంకోటి లేదు. ఏవండీ అన్న ఒక్క పిలుపుతో ఏ సందులోకైనా చేరిపోవచ్చు. ఆ ఒక్క పిలుపే గొంతు దాటని మనిషి సంగతి ఎవరూ ఆలోచించరు. మాస్టారు దారి అడగడం కంటే ఊరంతా ఒక చుట్టు తిరగడానికే ఇష్టపడేవారు.

బస్సులో ఆయనకి తాడేపల్లిగూడెం అనడం కష్టం, నిడదవోలు అనడం సులువు. అందుకని ఏలూర్లో నిడదవోలుకి టిక్కెట్టు తీసుకుని ముందే గూడెంలో దిగిపోయేవారు. "ఏవండీ, మీ ఊరింకా రాలేదండీ!" అని కండక్టర్లు మంచితనం కొద్దీ చెయ్యి పట్టుకుని మళ్ళీ బస్సెక్కించిన రోజులు కూడా ఉన్నాయి. హోటల్లో ఎప్పుడూ ఇడ్లీ. ఇడ్లీ అంటే ప్రాణం కాబోలు అనుకున్నాను. ఒకసారి నేనే పెసరట్టు చెప్పి, ఆయన ముందు పెట్టించాను. కళ్ళు మూసుకుని తిన్నారు. "దీన్ని రోజూ మనసులోనే చెబుతానండి, బయటికొచ్చేసరికి ఇడ్లీ అయిపోతుంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఇంకో పెసరట్టు చెప్పాను.

అలాంటి మనిషి పాఠం ఎలా చెప్పేవారని మీకు అనుమానం రావచ్చు. నేనూ కిటికీలోంచి చూశాను. గదిలోకి వచ్చి, ఏమీ అనకుండా, నల్లబల్ల మీద గోదావరి పుట్టిన చోట సుద్దముక్క ఆనించి సముద్రందాకా ఒకే గీతలో గీసుకుంటూ వచ్చారు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తర్వాత కృష్ణ. రెండిటి మధ్యా అరచేత్తో సుద్దపొడి పులిమి ఒక తెల్లటి మరక చేశారు. అదే కొల్లేరు. ఆ మరకలో వేలు పెట్టి, "నేను ఇక్కడివాణ్ణి" అన్నారు. ఏటా కొత్త బ్యాచికి ఆయన మొదటి మాట అదేనట.

బోర్డుల పని మొదలుపెట్టాం. అవి ఫ్లెక్సీలు కొత్తగా వచ్చి మా కుంచెల పొట్ట కొట్టిన రోజులు. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాయి గానీ వాటికింకా దారి చూపించడం రాదు. రేకు మీద ఉబ్బెత్తు అక్షరాలు, వాటికింద బ్రెయిలీ చుక్కలు. చుక్క ముందువైపు లేవాలంటే రేకు వెనకనుంచి మేకుతో కొట్టాలి. వెనకనుంచి కొట్టాలంటే అంతా తిరగేసి కొట్టాలి. నాకు చిర్రెత్తుకొచ్చి సుత్తి విసిరేసిన రోజులున్నాయి. అంధుల బడి టీచరుగారు ఒకావిడ వచ్చి వేళ్ళతో చదివి తప్పులు చెప్పేవారు. ఆవిడ వెళ్ళాక మాస్టారు కూడా కళ్ళు మూసుకుని ఒక్కో బోర్డూ తడిమేవారు, నిద్రపోతున్న పసివాడి ముఖం తడిమినట్టు. ఆయనకి బ్రెయిలీ రాదు. ఊరికే తడిమేవారు.

క్యాంపస్ ఇంజినీరు గారు బోర్డులు మనిషెత్తు దాటించి పెట్టమన్నారు. "కిందుంటే అందరూ చేతులు పెట్టి పాడుచేస్తారండీ" అని ఆయన బాధ. "చేతులు పెట్టడానికేనండీ" అన్నారు మాస్టారు. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఖాయం చేయించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

చదువు రానివాళ్ళకి బొమ్మలు కావాలి. ఒక్కో భవనానికి ఒక్కో కొల్లేటి పిట్ట అన్నారు. లైబ్రరీకి కొంగ, కదలకుండా నిలబడుతుంది కాబట్టి. క్యాంటీనుకి బాతు. పరీక్షల విభాగానికి నీటికాకి, మునిగిందంటే ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి. రిజిస్ట్రారు ఆఫీసూ అడ్మిషన్ల హాలూ ఉన్న పెద్ద భవనానికి గూడబాతు. "అదెందుకండీ?" అన్నాను. "దాని ముక్కు కింద సంచీ ఉంటుందండి. ఏ కాగితం ఇచ్చినా అందులో వేసుకుని కూర్చుంటుంది" అన్నారు, ముఖం ఏమాత్రం మార్చకుండా.

ఇంకో రెండు రకాల బోర్డులకి ఆయన పట్టుబట్టారు. ఒకటి తిరుగుదారిది. లోపలికి వెళ్ళడానికి ఎన్ని బోర్డులున్నాయో, వాటి వెనకవైపు గేటుకి తిరిగి రావడానికీ అన్ని ఉండాలి. రెండోది దారి మధ్యలో, ఏ మలుపూ లేని చోట, బాణం కూడా లేకుండా ఉండే బోర్డు. దానిమీద "సరిగ్గానే వస్తున్నారండీ" అని మాత్రం రాయాలి. రిజిస్ట్రారు గారు ఆ నమూనా చూసి తెల్లబోయారు. "ఇదేం బోర్డు మాస్టారూ? ఇందులో సమాచారం ఏముందండీ? పైగా బోర్డు మీద అండీ ఏంటండీ?"  "తిన్నగా పోయే దారిలోనేనండీ భయమేసేది" అన్నారు మాస్టారు. రిజిస్ట్రారు గారు సంతకం పెట్టేశారు.

పిట్టల బొమ్మలు నాకు కుదరలేదు. నా కొంగ కోడిలా ఉందన్నారు. చర్చి గోడల మీద పావురాలు గీసిన చెయ్యి ఇది, కొంగ రాకపోవడమేంటని నాకూ రోషమొచ్చింది. అందుకని క్రిస్మస్ వెళ్ళాక ఒక పొద్దున్న నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళారు, కొల్లేటికోట. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు పగలగొట్టిన తర్వాత వచ్చిన చలికాలం అది. ఎక్కడి గట్లు అక్కడ నీళ్ళలో కలిసిపోయి అంతా ఒకటే నీరు. మాస్టారి పెదనాన్నగారి కొడుకు తాటిదోనెలో మమ్మల్ని ఎక్కించుకుని గెడ వేస్తున్నాడు. మంచు ఎంత ఉందంటే నీళ్ళు ఎక్కడ అయిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. దోనె కదులుతోందో నిలబడిందో తెలియదు. పిట్టలు ముందు చప్పుడుగా వచ్చేవి, తర్వాత నీడలుగా, ఆ తర్వాత పిట్టలుగా. నేను గీస్తుంటే కాగితం తడిసి గీతలు వాటంతటవే పాకిపోతున్నాయి. చిత్రం, అప్పుడే నా కొంగ కొంగలా కనిపించింది.

నీళ్ళ మీదికి వెళ్ళేసరికి మాస్టారి నత్తి పోయిందని రాస్తే ఎంతో బాగుంటుంది. పోలేదు. అక్కడ ఎవరికీ తొందర లేదు, అంతే. గెడ వేసే ఆయన మాట అందుకోడు, ఆయనకి అసలు మాటల మీదే ధ్యాస లేదు. నేను కూడా ఆ తెలుపులో ఏదో మత్తుగా కూర్చుని ఉన్నాను. అప్పుడు చెప్పారు.

పదిహేడో ఏట ఆయనకి ఇంజినీరింగులో సీటొచ్చింది. ఊరిపేరెందుకులెండి. చేపలవేట రోజులు కావడంతో వాళ్ళ నాన్న వెంట రాలేకపోయాడు. ఉన్న ఒక్క మంచి చొక్కా తొడిగి పంపించారు. గేటు దాటి లోపలికి వెళ్ళాక ఆఫీసు ఎటో తెలియలేదు. ఎక్కడా బోర్డు లేదు. మనుషులున్నారు, మంచివాళ్ళే, "ఎక్కడికి బాబూ?" అని వాళ్ళే అడిగారు. ఈయన నోరు తెరిచారు. "హాస్టలా? అదిగో, అటు" అన్నారొకరు. తలూపి అటు వెళ్ళారు. "క్యాంటీనేనా?" అన్నారు ఇంకొకరు. తలూపి ఇటు వచ్చారు. అలా తిరగ్గా తిరగ్గా సాయంత్రానికి ఆఫీసు దొరికింది. తలుపులకి తాళం వేసి ఉంది. ఆవేళే ఆఖరి రోజు.

"మరి ఇంటికెళ్ళి ఏం చెప్పారు మాస్టారూ?" అన్నాను.

"సీటు లేదన్నారని చెప్పానండి. మా నాన్న పోయేదాకా అదే నమ్మాడు. బీదవాళ్ళమని మోసం చేశారని ఆ కాలేజీవాళ్ళని తిట్టేవాడు. నేను వింటూ కూర్చునేవాణ్ణి."

ఎక్కడో గూడబాతులు నీళ్ళ మీద వాలిన చప్పుడైంది, కనబడలేదు. మాస్టారు నీళ్ళలో చెయ్యి ముంచి కూర్చున్నారు. "ఒక్క మనిషండీ" అన్నారు. "అడగలేని మనిషి ఒక్కరు, గేటు దగ్గర్నుంచి ఆ హాలుదాకా ఎవర్నీ అడక్కుండా వెళితే చాలు. నేను కళ్ళారా చూడాలి."  

వానాకాలం మొదలయ్యేసరికి బోర్డులన్నీ పాతేశాం. అడ్మిషన్ల ముందురోజు మీటింగు పెట్టారు. రిజిస్ట్రారు గారు బంగారంలాంటి మనిషి, అదే వచ్చిన చిక్కు. పల్లెటూళ్ళ పిల్లలు ఇబ్బందిపడకూడదని ప్రతి బోర్డు దగ్గరా సీనియర్ విద్యార్థుల్ని జంటలుగా నిలబెట్టే ఏర్పాటు చేశారు, రిబ్బను బ్యాడ్జీలతో సహా. వచ్చిన ప్రతివాళ్ళనీ ఆపి, "ఎక్కడికి వెళ్ళాలండీ?" అని అడగాలి. నిలబడేది సరిగ్గా బోర్డుకి ఎదురుగా. వాళ్ళు ఒకసారి నిలబడి చూపించారు. నేను కొల్లేరు వెళ్ళి తెచ్చుకున్న కొంగకి ముక్కూ కనబడలేదు, కాళ్ళూ కనబడలేదు.

మాస్టారు లేచి నిలబడ్డారు. మీటింగులో ఆయన లేవడం అంతకుముందు ఎవరూ చూడలేదట. "ఈ వాలంటీర్లని..." అన్నదాకా వచ్చి ఆగిపోయారు. మెడ నరాలు తేలాయి. రిజిస్ట్రారు గారికి గుండె తరుక్కుపోయింది. "ఇంకా పెంచమంటారు, అంతేగా మాస్టారూ! మీరు శ్రమపడకండి, కూర్చోండి. పెంచేద్దామండీ!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను గోడవారగా నమూనా బోర్డు పట్టుకుని నిలబడి ఉన్నాను. కాదండి బాబూ, తీసెయ్యమంటున్నారు అని అరవబోయాను. మాస్టారు నా వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపారు. నేను కూడా ఆయన వాక్యం అందుకోకూడదు. నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. జంటలుగా ఉన్న వాలంటీర్లు గుంపులయ్యారు.

బయట మెట్ల మీద ఆయన మీద ఎగిరాను. "ఏం మనిషండీ మీరు! ఇన్నాళ్ళు చేసిందంతా నీళ్ళపాలవుతుంటే తలూపి కూర్చుంటారా? రేపు వచ్చేవాళ్ళని ప్రతి మలుపులోనూ నిలదీసి అడుగుతారు, దానికి మన బోర్డులు దేనికి, పొయ్యిలో పెట్టుకోవడానికా?"

ఆయన నా కోపం అయిపోయేదాకా ఆగారు. తర్వాత, "ఆర్టిస్టు గారూ, గూడెంలో మంచి బెల్లం జీళ్ళు ఎక్కడ దొరుకుతాయండీ?" అన్నారు. ఈయనకి మతిపోయింది అనుకున్నాను. అయినా చెప్పాను. అలవాటు కొద్దీ వెంట కూడా వెళ్ళాను.

జీళ్ళు ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. బెల్లం పాకం సాగదీసి సాగదీసి, నువ్వులద్ది ముక్కలు కోస్తారు. బుగ్గన పెట్టుకున్నామంటే పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకటైపోతాయి. మర్నాడు సన్నగా ముసురు పడుతుంటే మాస్టారు గేటు దగ్గర మొదలుపెట్టి ప్రతి వాలంటీరు చేతిలోనూ ఒక జీడి పెట్టారు. పెట్టి, నోట్లో వేసుకునేదాకా ఎదురుగా నవ్వుతూ నిలబడ్డారు. పెద్దాయన ఇస్తే కాదనలేరు కదా! అయిపోయినవాళ్ళకి మళ్ళీ ఇచ్చారు. ఎక్కడికండీ అని అడగబోయిన పిల్లలు "ఊఁ ఊఁ" అంటూ పక్కకి జరిగి బోర్డు చూపించడం మొదలుపెట్టారు. రిజిస్ట్రారు గారు కారు దిగి, "ఏంటండీ ఇది, అందరూ మూగనోము పట్టారా?" అన్నారు. మాస్టారు ఆయన చేతిలో కూడా ఒక జీడి పెట్టారు.

ముసురు కాస్త తెరిపిచ్చినప్పుడు ఆ అమ్మాయి వచ్చింది. వెలిసిన చుడీదారు, పిక్కలదాకా బురద, చీరల షాపు కవర్లో సర్టిఫికెట్లు పెట్టుకుని గుండెలకి హత్తుకుంది. ఒక్కతే వచ్చింది. గేటు లోపలికి అడుగు పెట్టి, అక్కడే నిలబడిపోయింది. ఎవరైనా దగ్గరికొస్తుంటే తల దించేసుకుంటోంది. నేను రేకు వదులైన ఒక బోర్డుకి మేకు కొడుతున్నాను. మాస్టారు గొడుగు కొనతో నా చెప్పు తట్టి, అటు చూడమన్నారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

ఆ అమ్మాయి మొదటి బోర్డు దగ్గరికి వెళ్ళింది. చదివింది. గూడబాతు ముక్కు మీద నిలిచిన వాన చుక్కల్ని వేలితో తుడిచింది, చుట్టూ ఒకసారి చూసి, నడక మొదలుపెట్టింది. మేమిద్దరం ఒకే గొడుగు కింద, దూరంగా, వెనకాలే వెళ్ళాం. తడిసిన చెట్లు, తడిసిన గోడలు, రంగులన్నీ కరిగి ఒకదాన్లో ఒకటి కలిసినట్టున్నాయి. ఒకచోట తప్పు మలుపు తిరిగింది. నా పక్కన మాస్టారి ఊపిరి ఆగిపోయింది. అక్కడ క్యాంటీను బాతు బొమ్మ చూసుకుని తనే వెనక్కొచ్చింది. బుగ్గల్లో జీళ్ళు పెట్టుకున్న పిల్లలు పక్కకి తప్పుకున్నారు. మలుపు లేని ఆ పొడుగాటి దారి మధ్యలో, "సరిగ్గానే వస్తున్నారండీ" అన్న బోర్డు ముందు ఆగింది. చదివి, తనకేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. మేం చెట్టు చాటుకి జరిగాం. ఆ అమ్మాయి కవరు చంకలోకి మార్చుకుని, చున్నీతో ముఖం తుడుచుకుని, ఈసారి గబగబా నడిచింది.

హాలు చేరింది. వరసలో నిలబడింది. వంతు వచ్చింది. మేం గుమ్మంలో ఉన్నాం. నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది. మాస్టారి పని అయిపోయింది అనుకున్నాను.

"ఏ కోర్సమ్మా?" అన్నారు బల్ల దగ్గరున్న సూపరింటెండెంటు గారు.

ఆ అమ్మాయి నోరు తెరిచింది. మాట రాలేదు. నత్తి లేదు, మూగ కాదు, భయంతో గొంతు పెగల్లేదు, అంతే. సూపరింటెండెంటు గారు చల్లటి మనిషి. ఆయనకి జాలేసింది. "కంగారుపడకమ్మా. కామర్సేగా? మీ వైపు పిల్లలందరూ అందులోనే చేరుతున్నారులే. రాసేస్తాను" అని కలం ఆనించారు.

ఆ అమ్మాయి తల మెల్లగా కదిలింది. ఊపబోతోంది.

"ఉండండి" అన్నారు మాస్టారు.

ఆ ఒక్క మాట ఎంతసేపు పట్టిందో ఈసారి రాయాలి. చాలాసేపు పట్టింది. మొదటి అక్షరం దగ్గర ఆయన ఒళ్ళంతా బిగుసుకుపోయింది.  హాల్లో అందరూ ఇటు తిరిగారు. సూపరింటెండెంటు గారు సాయానికి వచ్చారు. "ఏంటి మాస్టారూ, ఈ అమ్మాయి మీకు తెలిసిన..." అంటుండగానే మాస్టారు అరచెయ్యి ఎత్తి ఆయన్ని ఆపేశారు. ఇంత వయసొచ్చేదాకా ఎవర్నీ ఆపని మనిషి. ఆ చెయ్యి అలా ఎత్తి ఉంచే, "ఉండండి. ఆ అమ్మాయి చెబుతుంది. మనం ఆగుదాం" అన్నారు. చివరి అక్షరందాకా ఆయనే అన్నారు. ఎవరూ అందించలేదు.

హాలంతా ఆగింది.  ఆ అమ్మాయి మాస్టారి వైపు చూసింది, ఆ ఎత్తిన చెయ్యి వైపు చూసింది. పెదవులు తడుపుకుంది.

"ఫిజిక్సండీ" అంది. వెంటనే ఇంకా గట్టిగా, "కామర్స్ కాదండీ. మాది మండవల్లి. నాకు ఫిజిక్సే కావాలండీ."

సూపరింటెండెంటు గారు రాసుకుని, పేరు పిలిచేదాకా అటు కూర్చోమన్నారు. చేరినవాళ్ళ కోసం గోడవారగా కుర్చీలు వేసి ఉన్నాయి. ఆ అమ్మాయి వెళ్ళి కూర్చుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, గుమ్మంలో నిలబడి బాహాటంగానే ఏడ్చాను. మాస్టారు నా వైపు చూడలేదు. గొడుగు ముడిచి తలుపు పక్కన పెట్టి, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, ఆ వరసలో చివర ఖాళీగా ఉన్న కుర్చీలో, తన పేరూ పిలుస్తారన్నట్టు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. తలంతా నెరిసిన మనిషి కొత్తగా చేరినవాళ్ళ మధ్య ఎందుకు కూర్చున్నారని ఎవరూ అడగలేదు.